పెడల్స్ చివర్లో

ఆ రోజు తెల్లవారేసరికి తూర్పున మబ్బు కమ్ముకుని ఉంది. మేం ముఖాలు కడుక్కునేలోపలే అది పీలికలు పీలికలై కొండల వైపు జారిపోయింది. ఆ తరవాత ఆకాశానికి రంగంటూ ఏమీ మిగల్లేదు. అమ్మ పెరటి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఇక వేసవే" అంది.

ఫిజియో మేడం వచ్చింది ఆ పొద్దునే. వారానికొకసారి స్కూటర్ మీద వస్తుంది. తమ్ముడి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, వాడి కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి, మోకాలి దగ్గర మడిచి, చాపి, మళ్ళీ మడుస్తుంది. చివర్లో బొటనవేలు పట్టుకుని, "ఇప్పుడు పైకి వంచానా, కిందికా?" అని అడుగుతుంది. తమ్ముడు కళ్ళు మూసుకుని చెప్తాడు. ఒకసారి సరిగ్గా చెప్తాడు, ఒకసారి తప్పు చెప్తాడు. నాణెం ఎగరేసినా అంతే పడుతుంది.

పోయిన కోతల్లో గట్టు తెగి, వాడు నడుపుతున్న కోత మిషన్ పక్కకి ఒరిగింది. అప్పటినుంచీ నడుం కింద ఉన్నదేదీ వాడి మాట వినడం లేదు.

"మేడం, దాచకుండా చెప్పండి" అన్నాడు తమ్ముడు.

ఆవిడ దుప్పటి సర్దింది. "వచ్చేదేమైనా ఉంటే ఈ వేసవి అయ్యేలోగా కొంచెమైనా కనిపించాలి. ఆ తరవాత వచ్చినవాళ్ళు లేరని కాదు గానీ..."

ఆ గానీ దగ్గరే ఆగి, చేతులు కడుక్కోవడానికి లేచింది. అమ్మ తువ్వాలు అందిస్తూ, "వస్తాయిలేమ్మా, వేసవి ఇప్పుడేగా మొదలైంది" అంది, కాళ్ళేవో బస్సెక్కి వస్తున్నట్టు.

ఆ మధ్యాహ్నమే పొట్టాయన చూడ్డానికి వచ్చాడు. తమ్ముడితో పాటు కోత మిషన్లు నడిపినవాడు. సీటు మీద దిండేసుకుంటే గానీ అద్దంలోంచి చేను కనిపించేది కాదు, అందుకని ఆ పేరు. వచ్చినవాళ్ళందరి లాగే ఏం మాట్లాడాలో తెలియక ఫోను తీశాడు. అందులో ఎవడో కంప్యూటర్ మీద కోత మిషన్ ఆట ఆడుతున్నాడు. పసుపుపచ్చగా పండిన గోధుమ చేను, ఎర్ర మిషన్, వెనకాల పొట్టు లేస్తోంది.

తమ్ముడు కాసేపు చూశాడు. "ఎవడ్రా వీడు? ముందు తిరిగే ఆ రీలు ఎత్తకుండా గట్టెక్కిస్తున్నాడు. పుట్టాక ఎప్పుడైనా చేను చూశాడా?"

"ఆట రా బాబూ. నిజం కాదు" అన్నాడు పొట్టాయన.

"ఆటైతే మాత్రం? గింజ రాలిపోతోంది చూడు అటు పక్క. స్పీడు తగ్గించరా గాడిదా! అయ్యో, మలుపు దగ్గరా అంతేనా..."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు ఒక మనిషిని తిట్టడం అదే మొదలు. వంటింట్లో మరదలు, తమ్ముడి భార్య, కడుగుతున్న గిన్నె చప్పుడు ఆగింది. ఆవిడా వింటోంది.

పొట్టాయన వెళ్ళాక తమ్ముడు నన్ను పిలిచాడు. "అన్నయ్యా, అది ఆడాలంటే ఎలాంటి కంప్యూటర్ కావాలో కనుక్కుందాం. పూర్తిది కొనొద్దు. ఒక్కొక్క సామానూ మనమే ఏరుకుందాం."

మిషన్ యజమాని పంపిన డబ్బులో మందులకు పోగా మిగిలినదాని మీద అమ్మ ఎవ్వర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఆ రోజు తనే పెట్టె తెరిచి బ్యాంకు పుస్తకం తెచ్చి వాడి దిండు పక్కన పెట్టింది.

* * *

నేను ఊరి బళ్ళో చదివినంతే చదివాను. పొలం, బోరు, మోటారు, ఇవి తప్ప నాకు తెలిసింది తక్కువ. ఆ వేసవిలో మాత్రం ప్రాసెసర్లనీ ర్యాములనీ విత్తనాల రకాల్లా గుర్తుపట్టడం నేర్చుకున్నాను. తమ్ముడు దిండుకి ఫోను ఆనించుకుని పొద్దస్తమానం చూసేవాడు. నేను పొలం నుంచి రాగానే మొదలెట్టేవాడు.

"ప్రాసెసర్ అంటే ఇంజను అనుకో. గ్రాఫిక్స్ కార్డు పైరు కోసే కట్టర్ బారు. ఇంజను చిన్నదై కట్టర్ పెద్దదైతే ఊపిరాడక ఆగిపోతుంది. కట్టర్ చిన్నదైతే ఇంజను ఊరికే డీజిలు తాగుతుంది. రెండూ జోడీ కుదరాలి."

"జోడెద్దుల్లా అను" అంది అమ్మ, వాడి అరికాలికి నూనె మర్దనా చేస్తూ. అది ఆవిడ పని. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి.

"అంతేనమ్మా. మరి ఈ ర్యామ్ ఉందే, అది గింజల తొట్టి. చిన్నదైతే మాటిమాటికీ ఆపి దింపుకోవాలి."

"ఊపిరంటావు, తాగడమంటావు, జోడీ అంటావు. ఇంతకీ మీరు కంప్యూటర్ కొంటున్నారా, మనిషిని చేస్తున్నారా?"

వాడు నవ్వాడు. మరదలు ప్యాకింగ్ షెడ్డు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. ఆ నవ్వు విని ఒక చెప్పు కాలికి ఉండగానే నిలబడిపోయింది.

వాడు తొందరపడలేదు. పొద్దున ఎంచిన ప్రాసెసర్ని సాయంత్రానికి కాదనేవాడు. దానికి వేడెక్కే గుణం ఉందనేవాడు. మదర్‌బోర్డు ఎంచడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్పలేను. ఎవరెవరో దూరదేశాల వాళ్ళు రాసుకున్న గొడవలన్నీ చదివి, "ఇదిగో, వీడు చెప్పింది నిజం, వీడు కంపెనీ మనిషి" అని తేల్చేవాడు. మిషన్ నడిపే రోజుల్లో కూడా అంతే. తాళం తిప్పేముందు మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ప్రతి బెల్టూ వేలితో నొక్కి చూసేవాడు. ఆసామి పొలం గట్టు మీద గింజుకుంటున్నా సరే.

స్టీరింగు చక్రం, పెడల్స్ విడివిడిగా దొరుకుతాయని తేలింది.

"చక్రం ముందు తీసుకుందాం. పెడల్స్ చివర్లో" అన్నాడు. తరవాత ఫోనులోకి చూస్తూనే అన్నాడు, "కాళ్ళు రానీ."

అమ్మ చెయ్యి ఆగలేదు. నూనె రాస్తూనే ఉంది. మరదలే మెల్లగా కదిపింది. "ఏమండీ, చేత్తో ఆడుకునేవి కూడా ఉంటాయట కదా. షెడ్డులో ఒకమ్మాయి చెప్పింది. వాళ్ళన్నయ్య ఒళ్ళో పెట్టుకుని ఆడతాడట."

"కోత మిషన్ చేతుల్తో నడవదే" అన్నాడు వాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "చేతులు దారి చూపిస్తాయి, అంతే. నడిపేది కాళ్ళు. నూర్చే డ్రమ్ములో పంట ఎక్కువైందని ముందు తెలిసేది అరికాలికి. సన్నగా జిలజిలమంటుంది. చెవికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఒట్టికాళ్ళతో తొక్కేవాణ్ణి, అందుకే. చెప్పులేసుకుంటే నాకేం తెలియదు."

అమ్మ ఆ అరికాలినే తన రెండు చేతుల మధ్యా పట్టుకుని ఉంది.

* * *

కంప్యూటర్ సామాన్ల షాపు పట్నంలో ఒక ఇరుకు మెట్ల మీద, కుట్టుమిషన్ల రిపేరు కొట్టు పైన ఉంది. షాపాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దానికోసం బల్లంతా వెతుక్కునే మనిషి. ఇంట్లో మేం ఆయన్ని కళ్ళజోడు అనే అనుకునేవాళ్ళం.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను క్యాబినెట్, అంటే పైడబ్బా, కొన్నాను. ముందంతా జల్లెడలా రంధ్రాలున్నది, మా ఇంటి దుమ్ముకి అదే సరిపోతుందని తమ్ముడు చెప్పాడు.

"క్యాబినెట్ అందరూ చివర్లో కొంటారండీ" అన్నాడు కళ్ళజోడు. "లోపల పెట్టేవి తెలిసాక."

"మేం కొట్టం ముందు కట్టి, పశువుని తరవాత తోలుకొస్తాం" అన్నాను.

దాని ఫలితం గ్రాఫిక్స్ కార్డు దగ్గర కనిపించింది. క్యాబినెట్ లోపలి పొడవుకి తమ్ముడు పురికొస కొలిచి, ముడేసి నా జేబులో పెట్టాడు. షాపులో కార్డు పెట్టె తెరిచి పురికొస పక్కన పెడితే కార్డే వేలెడు ఎక్కువ పొడవుంది. మూడు ఫ్యాన్ల కార్డు. వాడు మరీ మరీ చెప్పి పంపిన కార్డు. ఫోనులో వీడియో కలిపి చూపించాను.

"ఎంత ఎక్కువ?" అన్నాడు తమ్ముడు.

"వేలెడు."

"వేలెడేగా. పురికొస లాగి చూడు, సాగుతుంది."

"పురికొస సాగుతుంది సార్, క్యాబినెట్ సాగదు" అన్నాడు కళ్ళజోడు ఫోనులోకి వంగి. "రెండు ఫ్యాన్లది తీసుకోండి. అదే చిప్పు. కాస్త చప్పుడెక్కువ, అంతే."

"చప్పుడుంటే మంచిదే" అన్నాడు వాడు. "చప్పుడు లేని మిషన్ని నమ్మలేం."

కళ్ళజోడుకి వాడు నచ్చాడు. రంగురంగుల దీపాలున్న ర్యాములు చూపించి, "సార్, ఇవి చూడండి, వెలుగుతాయి" అన్నాడు. "సర్కస్ పెడుతున్నామా ఏమిటి?" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పవర్ సప్లై దగ్గర మాత్రం రాజీ పడలేదు వాడు. మా కరెంటు సంగతి మాకు తెలుసు. రెండు మోటార్లు కాల్చుకున్న ఇల్లది. మంచిదే తీసుకోమన్నాడు, దానికో స్టెబిలైజర్ కూడా.

అన్నీ సంచిలో పెడుతూ కళ్ళజోడు నన్ను అడిగాడు. "సార్ ఏం చేస్తుంటారండీ?"

"కోత మిషన్ డ్రైవరు."

చేసేవాడు అనలేకపోయాను. ఫోను ఇంకా కలిసే ఉంది.

"అయితే పెడల్స్ కూడా పట్టుకెళ్ళండి. ఒక్క సెట్టే మిగిలింది. మూడు పెడల్స్, ఇనపవి, అసలు బండి తొక్కినట్టే ఉంటుంది."

"చివర్లో అన్నానుగా అన్నయ్యా" అన్నాడు ఫోనులోంచి తమ్ముడు. గొంతులో నవ్వు పోయింది.

"చివర్లో ఎందుకండీ?" అన్నాడు కళ్ళజోడు ఏమీ ఎరగక.

"ఇంకా టైముంది" అన్నాను.

* * *

ఎండలు ముదిరాయి. బోరులో నీళ్ళు కిందికి పోయి మోటారు గాలి లాగడం మొదలెట్టింది. మొక్కజొన్న ఆకులు చుట్టలు చుట్టుకున్నాయి. ఇంట్లో మాత్రం తమ్ముడి మంచం మీద అడ్డంగా వేసిన చెక్క మీద కంప్యూటర్ కొద్దికొద్దిగా తయారవుతోంది. వాడి చేతులకి ఏమీ కాలేదు. ప్రాసెసర్ని చిటికెన వేలు కూడా తగలకుండా గూట్లో దించాడు. వేడి లాగడానికి పైన పూసే పేస్టు బియ్యపు గింజంత చాలంటే చాలని, అంతే పెట్టాడు. అమ్మ ఊపిరి బిగబట్టి చూసి, "పసిపిల్లకి కాటుక పెట్టినట్టుందిరా" అంది.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ఫ్యాన్లు తిరిగాయి. తమ్ముడు క్యాబినెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "బాగుంది. బేరింగులన్నీ ఒక్క తీరున తిరుగుతున్నాయి" అన్నాడు.

స్టీరింగు చక్రం బిగించి, ఆటని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తెర మీద చేను కనిపించింది, మిషన్ కనిపించింది. ఆడలేదు. రోజూ ఒకసారి తెరిచి, మిషన్ చుట్టూ నలువైపులా తిప్పి చూసి, మూసేసేవాడు.

"ఒక్క చాలు కొయ్యరాదూ, చూస్తాం" అని అమ్మ బతిమాలింది.

"పెడల్స్ రానీ."

ఫిజియో మేడం వస్తూనే ఉంది. బొటనవేలు పైకా కిందికా అని అడుగుతూనే ఉంది. జవాబులు అలాగే పడుతున్నాయి. ఒకరోజు ఆవిడ చక్రాల కుర్చీ మాట తెచ్చింది. కొలతలు తీసుకుంటే చేయించడానికి కొన్నాళ్ళు పడుతుంది, ఇప్పుడే చెప్పడం మంచిదంది. తమ్ముడు గోడ వైపు తిరిగి, "వేసవి అవనివ్వండి మేడం" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెరట్లో నేను చేతులు కడుక్కుంటుంటే మరదలు బకెట్ తీసుకుని వచ్చింది. నీళ్ళు ముంచుకోకుండా నిలబడింది. నాతో ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. నేనూ అంతే.

"బావగారూ, ఆ పెడల్స్ కొనకండి."

"వాడు అడిగితే?"

"ఏదో ఒకటి చెప్పండి. స్టాకు లేదనండి. కొననంతవరకూ ఆయనకి వేసవి అయిపోదు." బకెట్‌లోకి చూస్తూ అంది. "రాత్రిళ్ళు నాకు చెప్తారు. క్లచ్ ఎడమకాలు, బ్రేకు కుడికాలు. ఏది ముందు వస్తుందో అని. ఎడమది ముందొస్తే చాలట, క్లచ్ తొక్కి గేరు మారుస్తూ కూర్చుంటారట."

నేను సరేనన్నాను. ఆవిడ నీళ్ళు ముంచుకుని వెళ్ళిపోయింది. బకెట్ నిండా ముంచుకుంది గానీ ఒక్క చుక్క ఒలకలేదు. షెడ్డులో గుడ్ల ట్రేలు మోసే మనిషి.

* * *

కాలు కదలడం మొదట చూసింది అమ్మ.

సాయంత్రం మర్దనా ముగించి, దుప్పటి కప్పుతోంది. ఒక్కసారి దుప్పటి వదిలేసి, "ఒరేయ్ పెద్దోడా!" అని కేకేసింది. నేను పాల క్యాను గుమ్మంలోనే పడేసి పరిగెత్తాను.

"కదిలింది. కుడికాలు. బొటనవేలు ఇట్లా లేచింది."

"నీ భ్రమ అమ్మా" అన్నాడు తమ్ముడు. వాడి ముఖం తెల్లబోయింది.

"నా కళ్ళు పోయాయా? పిల్లా, నువ్వు చూడు." మరదలు వచ్చింది. నలుగురం ఆ పాదం వైపు చూస్తూ నిలబడ్డాం, పొయ్యి మీద పాలు చూసినట్టు. తమ్ముడు పళ్ళు బిగించాడు. మెడనరాలు తేలాయి. ఏమీ లేదు. వాడు ఊపిరి వదిలేసి వెనక్కి వాలాడు. అమ్మ దుప్పటి అంచు పట్టుకుని పాదం మీదికి లాగింది. అప్పుడు కదిలింది. వేలే కాదు, పాదం మొత్తం. తన్నినట్టు.

"చూశావా! చూశావా!"

నేనూ చూశాను. నాకు మోటార్లు తెలుసు. ఎన్నాళ్ళో ఆగిపోయిన మోటారుకి కరెంటిస్తే ముందు ఒక్క కుదుపు కుదిపి ఆగుతుంది. ఆ కుదుపు వచ్చిందంటే లోపల తీగ బతికే ఉందని. ఆ మాటే అన్నాను. "కదిలిందంటే కరెంటు వస్తున్నట్టే. ఇక రెండోసారికో మూడోసారికో తిరుగుతుంది."

"అన్నయ్య అబద్ధం చెప్పడు" అంది అమ్మ, తమ్ముడితో. వాడు నా ముఖంలోకి చూశాడు.

"మేడానికి ఫోను చేద్దామా?" అన్నాను.

"వద్దు. వచ్చినప్పుడు చూసి తనే నోరెళ్ళబెడుతుంది" అంది అమ్మ.

మరదలు లోపలికి వెళ్ళి సంచి తెచ్చింది. నా చేతికిచ్చింది. "షాపు ఇంకా మూసుండరు. ఇప్పుడే వెళ్ళండి బావగారూ. ఒక్క సెట్టే ఉందన్నారుగా."

* * *

పెడల్స్ ఇనపవే. కళ్ళజోడు నిజమే చెప్పాడు. మర్నాడు పొద్దున కంప్యూటర్ని ఒక బల్ల మీదికి మార్చి, దాని ముందు తమ్ముడిని దిండ్ల ఆసరాతో కుర్చీలో కూర్చోబెట్టాం. నడుం చుట్టూ దుప్పటి బిగించి కుర్చీకి కట్టాం. మరదలు నేల మీద కూర్చుని వాడి పాదాలు రెండూ ఎత్తి, కుడిది యాక్సిలరేటర్ మీద, ఎడమది క్లచ్ పక్కన పెట్టింది. జారిపోకుండా మడమల కింద గుడ్డ మడిచి దోపింది. చెప్పులు వెయ్యనివ్వలేదు వాడు.

తెర మీద గోధుమ చేను. ఎదురుగా ఎర్ర మిషన్. రీలు తిరుగుతోంది. మిషన్ నిలబడి ఉంది.

"ఊఁ" అంది అమ్మ.

తమ్ముడు చక్రం పట్టుకున్నాడు. తెర వైపు చూడ్డం లేదు. కిందికి, తన కాళ్ళ వైపు చూస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. గదిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మరదలు దోపిన గుడ్డ కొంచెం జారితే సర్దబోయింది. వేలు వాడి అరికాలికి తగిలింది.

పాదం పెడల్ని తొక్కేసింది.

మిషన్ కదిలింది. చేనులోకి దూరింది. గోధుమ కంకులు ముందుకి వంగి, రీలు కిందికి పోయి, వెనక పొట్టు లేచింది.

"నడుస్తోంది! ఒరేయ్ నడుస్తోందిరా!" అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది, తీసింది, మళ్ళీ మూసుకుంది. మరదలు నేల మీదినుంచి లేవకుండానే తలెత్తి తెర చూస్తోంది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

తమ్ముడి చేతులు చక్రం మీద వాటంతటవే పనిలో పడ్డాయి. చాలు దారంలా సాగింది. అంగుళం వదల్లేదు, అంగుళం దాటలేదు. చేను ఆ చివరికి వచ్చింది.

"ఇక ఆపు" అన్నాను. "గట్టొస్తోంది."

వాడు కిందికి, కాలి వైపు చూశాడు.

"ఆపరా, తిప్పుకో" అంది అమ్మ నవ్వుతూ. "ఉత్సాహమెక్కువైంది వీడికి."

మిషన్ గట్టెక్కింది. రీలు ఎత్తలేదు. కంచె విరిగింది. రోడ్డు దాటి, అవతల ఒక గోడకి మూతి ఆనించి, చక్రాలు అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. ఇంజను అరుస్తోంది. తమ్ముడు చక్రం వదిలేశాడు. వంగి, రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుని, బావిలోంచి చేద ఎత్తినట్టు కాలిని పెడల్ మీంచి పైకెత్తి పక్కన పెట్టాడు. అరుపు ఆగింది.

"నేను తొక్కలేదమ్మా" అన్నాడు.

అమ్మకి అర్థం కాలేదు. "నువ్వే కదరా, మేమంతా చూశాం కదా..."

"నేను తొక్కలేదు."

* * *

ఫిజియో మేడం వచ్చినప్పుడు పెడల్స్ ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిని చూసింది, మమ్మల్ని చూసింది. తమ్ముడు జరిగింది చెప్పాడు. ఆవిడ అరికాలి మీద గోటితో గీసింది. కాలు తన్నింది. ఇంకోసారి గీసింది. ఇంకోసారి తన్నింది.

"ఇది దానంతట అది వచ్చే కుదుపు" అంది అమ్మ వైపు తిరిగి. "వెన్నులో కిందనుంచే వస్తుంది. పైనుంచి, తలలోంచి, కబురు రావడం లేదు. ఇలాంటప్పుడు కొన్నాళ్ళకి చాలామందికి మొదలవుతుంది. ముందే చెప్పాల్సింది నేను."

"అయితే ఇది మంచిదా, చెడ్డదా?" అంది అమ్మ.

"మంచీ కాదు, చెడ్డా కాదమ్మా. ఉంటుంది."

నేను కిటికీలోంచి పొలం వైపు చూస్తున్నాను. మోటార్ల సంగతి చెప్పింది నేనే.

తమ్ముడు మేడాన్ని అడిగాడు. "చేత్తో తొక్కే పెడల్స్ ఉంటాయా మేడం? తొక్కే అంటే... లాగేవి. లీవర్లు."

"ఉంటాయి. కార్లకి కూడా ఉంటాయి. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ చేతి దగ్గరికి వస్తాయి."

"అన్నయ్యా, కళ్ళజోడుని కనుక్కో. ఆటకి పనికొచ్చేవి ఉన్నాయేమో."

"సరే" అన్నాను.

"ఏది దొరికితే అది తీసుకురా. నన్నడక్కు."

అన్నాళ్ళు ఒక మరమేకు కూడా వాడిని అడక్కుండా కొనలేదు నేను. ఏ కంపెనీది, ఎన్ని రకాలు, ఎవడేమన్నాడు, ఏదీ అడగలేదు వాడు. మరదలు వాడి ముఖం చూసి, లేచి వంటింట్లోకి పోయింది.

"ఆ కుర్చీ కొలతలు కూడా తీసేసుకోండి మేడం" అన్నాడు తమ్ముడు.

మేడం సంచిలోంచి టేపు తీసింది. తుంటి కొలిచింది, తొడ పొడవు కొలిచింది, మోకాలి నుంచి మడమ దాకా కొలిచింది. టేపు రెండో కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. అమ్మ నూనె గిన్నె తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, కొలవడం చూసి, గిన్నెతో సహా వెనక్కి వెళ్ళిపోయింది.

లీవర్లు తెచ్చాను. తమ్ముడే బిగించాడు. ఎడమచేత్తో లీవరు, కుడిచేత్తో చక్రం. మూడు పూటలు కూర్చుని ఆ గోధుమ చేనంతా కోశాడు. ఒక్క కంకి మిగల్లేదు. గట్టు దగ్గర ప్రతిసారీ రీలు ఎత్తాడు. పొట్టాయన వచ్చి పక్కన కూర్చుని, "అబ్బ, గీత గీసినట్టు కోశావురా. ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది" అన్నాడు వాడు. "ఏమీ తెలియడం లేదు. అంతే."

తరవాత స్విచ్ ఆపాడు. నాకు తెలిసి మళ్ళీ వెయ్యలేదు.

* * *

కుర్చీ వచ్చిన రోజు అమ్మ మర్దనా చెయ్యలేదు.

కుర్చీ గచ్చు మీద బాగానే దొర్లింది. వంటింటి గడప దగ్గర మాత్రం ఆగింది. నేనూ మరదలూ చెరో పక్కా పట్టి దాటించాం. నేల మీద కూర్చుని తినే ఇల్లు మాది. ఇప్పుడు వాడు పైన, మేం కింద ఎలా అని, నేను కంప్యూటర్ కింద ఉన్న బల్ల తీసుకొచ్చి వంటింట్లో వేశాను. కంప్యూటర్ని గోడ వార నేల మీద పెట్టాను. మరదలు షెడ్డు నుంచి పాత స్టూళ్ళు తెచ్చింది.

నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. అమ్మకి స్టూలు మీద కూర్చోవడం అలవాటు లేదు. కొంగు సర్దుకుని, అంచున కూర్చుంది, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు. మరదలు వడ్డించింది. తమ్ముడికి ముందు, అమ్మకి, నాకు, తనకి. కంచాల మీంచి ఆవిరి లేచింది.

"తినండి" అంది అమ్మ.

తమ్ముడు నెమ్మదిగా తింటున్నాడు. ప్రతి ముద్దా నమిలి మింగుతున్నాడు. మరదలు వాడి గ్లాసులో నీళ్ళు నింపింది. నేను నా కంచంలోకి చూస్తూ తింటున్నాను.

బల్ల కింద వాడి కాలు తన్నింది. బల్ల కాలికి తగిలినట్టుంది. కంచాలు గలగలమన్నాయి, గ్లాసుల్లో నీళ్ళు వలయాలుగా కదిలాయి. అమ్మ ఒక చెయ్యి చాపి తన గ్లాసు పట్టుకుంది. మరదలు తనది పట్టుకుంది. తమ్ముడు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. కాలు మళ్ళీ తన్నింది. ఎవ్వరం కిందికి చూడలేదు. తింటూనే ఉన్నాం.